మా తోటికోడలూ, కంచు రాజుగారి దవడా

మా తోటికోడలు కొత్త మనిషిని చూసిందంటే కళ్ళు చూడదు, జుట్టు చూడదు, చెప్పులు అసలే చూడదు. దవడ చూస్తుంది. నేను పెద్దకోడల్ని, తను చిన్నకోడలు. తను ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు నా మొహంలోకి అదేపనిగా చూస్తోంటే, ఇదేమిటమ్మా, నేనేమైనా తప్పుగా మాట్లాడానా అని కంగారుపడిపోయాను. మెల్లిగా దగ్గరికొచ్చి, "అక్కా, మీ కింది పళ్ళు ఎంత చక్కగా వరసలో ఉన్నాయో!" అంది. నా జన్మలో నన్నెవరూ అలా మెచ్చుకోలేదు, మా ఆయనతో సహా. ఆ క్షణమే నేను పడిపోయాను.

తను చేసే పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. డాక్టర్లు నోట్లో కొలతలు తీసి పంపిస్తారు, వీళ్ళు ల్యాబులో పళ్ళు కడతారు. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. సైకిళ్ళ స్టాండు వెనకాల ఒక పొడుగాటి గది. కిటికీ అద్దాల మీద ప్లాస్టర్ దుమ్ము, బల్ల మీద చిన్న గ్యాసు మంట, ఎప్పుడూ కరిగిన మైనం వాసన. మనుషులెవరూ అక్కడికి రారు, దవడలే వస్తాయి. తెల్లటి ప్లాస్టర్ దవడలు, పైవీ కిందివీ, బల్ల నిండా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అవన్నీ ఒకేసారి నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించి గుమ్మంలోనే ఆగిపోయాను. నేను టీచర్ని, ఇంతమంది నవ్వుతుంటే నా క్లాసులో అయితే ఊరుకునేదాన్నా!

పళ్ళ చిగురు కూడా తనే వేస్తుంది, గులాబీ రంగు ముద్దతో. అందరూ నున్నగా గాజులా మెరిసేటట్టు చేసి వదిలేస్తారు. ఈవిడ మాత్రం గట్టి వెంట్రుకల బ్రష్షుతో చుక్కలు పొడుస్తుంది, నారింజ తొక్క మీద ఉంటాయే, అలాగ. "నోట్లోపలికి ఎవరు చూస్తారే, ఈ చుక్కలెందుకు?" అంటే, "నిజం చిగురు అలాగే ఉంటుందక్కా. ఎవరూ చూడకపోతే మాత్రం, నోటికి తెలుస్తుందిగా" అంటుంది. అదీ మనిషి.

మనుషుల పేర్లు గుర్తుండవు తనకి. దవడలు గుర్తుంటాయి. కూరగాయల బండి దగ్గర ఎవరో పలకరిస్తే వెర్రిమొహం వేసి, వాళ్ళు నవ్వగానే, "ఆఁ, ఆఁ, మీరా!" అంటుంది. ఒకసారి ఇంటికొచ్చి, "ఇవాళ ఒక విచిత్రమైన దవడ వచ్చిందక్కా. కరిచేటప్పుడు కింది దవడ కుడిపక్కకి లాక్కుపోతోంది, పైగా కాస్త ముందుకు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఆయన అలాగే కరిచాడు, అలాగే చేసేయండి అన్నారు. పాపం, పుట్టుకతో అంతేనేమో" అంది. నేను కంది కాయలు ఒలుస్తూ అయ్యో పాపం అన్నాను. ఆ ముక్క అక్కడితో మర్చిపోయాను కూడా. మీరు మాత్రం మర్చిపోకండి.

ఇప్పుడు నాణేల సంగతి. ల్యాబులోకి పనికొస్తాయని పాత సామాన్ల బజారులో చిన్న చిన్న ఆకురాళ్ళు, చిమటాలు కొంటూ ఉంటుంది. ఓ రోజు డబ్బా అడుగున బోల్టులు, గుండీలతో పాటు నల్లగా, ఆకుపచ్చగా, బొటనవేలి గోరంత బిళ్ళ ఒకటి వచ్చింది. కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకుంది. అది పోయి పోయి వెచ్చటి మైనం మీద పడింది. తీసి చూస్తే మైనంలో గుంటగా ఏదో ఆకారం. అలవాటైన చెయ్యి కదా, ఊరుకుంటుందా? ఆ గుంటలో ప్లాస్టర్ పోసింది. గట్టిపడ్డాక తిప్పి చూస్తే, అమ్మో! కంచు మీద మరకల్లో ఏమీ కనిపించనిది, తెల్లటి ప్లాస్టర్‌లో మనిషి లేచి కూర్చున్నాడు. పక్కకి చూస్తున్న మొహం. నెత్తిన పొడుగాటి టోపీ, టోపీ పైన కోరల్లాంటి మొనలు. చెవుల మీదుగా మెడ దాకా వేలాడే అంచులు. ఇంకొకరైతే టోపీ చూసేవారు. మా తోటికోడలు ఏం చూసిందో చెప్పక్కర్లేదుగా.

"అక్కా! ఎంత గట్టి గడ్డమో చూడండి! ఈయన మొండివాడు. కింది పళ్ళన్నీ చివరిదాకా ఉండి ఉంటాయి."

ఊళ్ళో నాణేల వాళ్ళ సంఘం ఒకటుంది. నెలనెలా స్టేషనరీ షాపు మేడ మీద చేరతారు. అక్కడికి పట్టుకెళ్తే వాళ్ళు టోపీ మీద నక్షత్రాన్నీ, దానికి అటొకటి ఇటొకటి ఉన్న పక్షుల్నీ చూసి, ఇది రెండువేల ఏళ్ళ పైనాటిది, అర్మేనియా రాజు తిగ్రాన్‌ది అన్నారు. అర్మేనియా! నేను ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను, మన భాషలో చదువుకుని మన భాషలోనే చెప్పాను, అర్మేనియా అన్న మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకంటే మా బళ్ళో ప్రపంచ పటం మడతపెట్టీ మడతపెట్టీ సరిగ్గా అక్కడే చిల్లు పడింది. పిల్లలెవరైనా అడిగితే, "అక్కడ ఏమీ లేదురా" అనేదాన్ని. పాపం ఏకంగా ఒక రాజ్యాన్నే లేకుండా చేసేశాను.

ఇంక చూసుకోండి, మా తోటికోడలికి అదే లోకం. అరిగిపోయిన కంచు నాణేలంటే వెండి, బంగారం వాటిలా ఎవరూ ఎగబడరు. ఒకటీ ఒకటీ పోగేసింది. పళ్ళు ప్యాకింగై వచ్చే చిన్న అట్టపెట్టెల్లో దూది వేసి పెడుతుంది. ఒకటి బాగా కనిపిస్తే ఇంకోటి అరిగి ఉంటుంది, ఒకదాంట్లో ముక్కు లేదు, ఇంకోదాంట్లో ముక్కు తప్ప ఏమీ లేదు. కొన్నిటి వెనకవైపు ఒక దేవత బండ మీద దర్జాగా కూర్చుని ఉంటుంది, ఆవిడ కాళ్ళ దగ్గర ఒకాయన ఈత కొడుతూ ఉంటాడు. ఆయన మనిషి కాదట, నదిట. మా మరిది, అంటే తన మొగుడు, లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందకీ తిరిగి వచ్చి ఆ నాణెం చూసి, "ఆవిడ కూర్చుంది, ఆయన ఈదుతున్నాడు. కొత్తేముంది వదినా, మన ఇల్లేగా!" అన్నాడు.

"ఈదేవాడివి అటు బిందెలో నీళ్ళు కూడా పట్టు" అంది తను, తలెత్తకుండా.

తండ్రి దొరికాడు, బాగానే ఉంది. కానీ ఈ తిగ్రాన్‌కి ఒక కొడుకు, ఆయన కూడా రాజే. పేరు అర్తవాజ్ద్. నాకు నోరు తిరగదు, అందుకని మేమిద్దరం ఆయన్ని 'అబ్బాయి' అనేవాళ్ళం. అబ్బాయి కంచు నాణెం మా తోటికోడలికి దొరకలేదు. పుస్తకాల్లో ఫోటోలు ఉన్నాయి, ఉంటే ఏం లాభం? చేత్తో పట్టుకుని, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పితేగానీ అరిగిన దవడ తెలీదుట. ఎన్నేళ్ళ నుంచో తనకి ఒకటే కోరిక. అబ్బాయిని తండ్రి పక్కన పెట్టి చూడాలి. ఆ గడ్డం కొడుక్కి వచ్చిందా, రాలేదా? అంతే. నవ్వకండి. పక్కింటి పసిపాపని చూడ్డానికెళ్ళి ఎవరి పోలికా అని మనం గంటసేపు మాట్లాడుకోమూ? ఇదీ అంతే, కాకపోతే పాపకి రెండువేల ఏళ్ళు.

అబ్బాయి నాణెం మా ఊళ్ళో ఒక్కరి దగ్గరే ఉంది. టకటక గారి దగ్గర.

టకటక గారంటే రిటైరైన గడియారాల మెకానిక్కు. మాట్లాడితే కట్టుడు పళ్ళు టకటకమంటాయి, అందుకే ఆ పేరు. ఆయన వెనకాలే అంటారనుకోండి. చెక్కపెట్టె నిండా మఖ్మల్ గుడ్డలో గుంటలు, గుంటకో నాణెం. సంఘంలో అందరికీ దూరం నుంచి చూపిస్తాడు. ముట్టుకోనివ్వడు. ఎప్పుడో ఎవరో ఒక నాణెం చూసిస్తానని తీసుకుని చేతివాటం చూపించారట. అప్పట్నుంచీ ఆ పెట్టె దగ్గరికి ఇంకొకరి చెయ్యి రాలేదు. పోనీలే, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు బతిమాలొచ్చు అనుకుంటుంటే, ఆయన మొత్తం పెట్టెని పై ఊరి మ్యూజియానికి ఇచ్చేస్తున్నాడని కబురొచ్చింది. అద్దాల బీరువాలోకి పోతే ఇంక అబ్బాయి ఎవరి చేతికీ రాడు.

"అక్కా, ఈసారి మీరూ రండి. నాకొక్కదానికీ భయం" అంది.

"నేనొచ్చి ఏం చేస్తానే?"

"టీచరు గొంతుతో అడగండి."

సరేనని వెళ్ళాను. మేడ మీద గదిలో బల్లలు కలిపి వేసి, పచ్చ గుడ్డ పరిచి ఉంది. టకటక గారు కిటికీ పక్కన కూర్చుని, వాచీలు రిపేరు చేసేవాళ్ళు కంటికి బిగించుకుంటారే, ఆ గొట్టం లాంటి భూతద్దం, దాన్ని కుడి కంట్లో ఇరికించుకుని నాణెం చూసుకుంటూ ఏదో చెప్తున్నాడు. గొంతు ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు! రేడియోలో వార్తలు చదివినట్టే. టకటక లేదు, ఏమీ లేదు. ఈయనకా ఆ పేరు పెట్టారు అనుకున్నాను. చెప్పడం అయ్యాక భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు. టక్. టక్. టక్.

మా తోటికోడలు తండ్రి నాణెం ఉన్న అట్టపెట్టె తెరిచి ముందుకి జరిపింది. "మీ దగ్గరున్న కొడుకు రాజుని, మేం అబ్బాయి అంటాం లెండి, ఒక్కసారి మా రాజు పక్కన పెట్టి చూస్తానండీ. మీ ఎదురుగానే."

"కుదరదు."

నేను నా టీచరు గొంతు తీశాను. "ఏమండీ, ఒక్క నిమిషం చూస్తే అరిగిపోతుందా?"

"రెండువేల ఏళ్ళుగా అందరూ ఒక్క నిమిషం ఒక్క నిమిషం అని ముట్టుకునే అరగదీశారు టీచరమ్మా" అన్నాడు టకటకా.  నా గొంతు మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

ఇంతలో టీ, బిస్కెట్లు వచ్చాయి. ఆయన బిస్కెట్ కొరికాడు. కొరికీ కొరకగానే కింది పళ్ళ సెట్టు మొత్తం జారి సాసర్లో పడింది. గదిలో అందరూ అలవాటైనట్టు కిటికీలోంచి బయటకి చూశారు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. పళ్ళు చేతిరుమాల్లో తీసుకుంటూ, బోసినోటితోనే, "ఈ పళ్ళు చేసినవాడు దొరకాలి, వాడికి ఇవే పెట్టి పల్లీలు తినిపిస్తా! మెత్తన్నమూ పాలూ తప్ప ముద్ద దిగి ఎన్నాళ్ళయిందో వాడికేం తెలుసు!" అన్నాడు.

నేను నవ్వాపుకోలేక మా తోటికోడలి వైపు తిరిగాను. తను నవ్వట్లేదు. మొహం ప్లాస్టర్‌లా ఉంది. రుమాల్లోకి చూస్తోంది. గులాబీ చిగురు మీద నారింజ తొక్క చుక్కలు.

గబగబా మెట్లు దిగింది. దిగాక నా చెయ్యి పట్టుకుని, "అవి నేను చేసినవే అక్కా" అంది.

"ఊరుకో! గట్టిగా అనకు. నాణెం చూశాక చెప్దాం. కాదు, నాణెం చూశాక కూడా వద్దు."

"ఆయన తిండి తినలేకపోతున్నారు అక్కా."

"తెలిస్తే నీకు పల్లీలు పెడతాడే. అబ్బాయి సంగతి ఇంతటితో మర్చిపోవాలి."

"తెలుసు" అంది. అని ల్యాబు వైపు నడిచింది.

చేసిన ప్రతి సెట్టు తాలూకు ప్లాస్టర్ దవడల్ని అటక మీద దాచిపెడతారు వీళ్ళు. ఆయనవి వెతికి ఇంటికి తెచ్చింది. అదే, కుడిపక్కకి లాక్కుపోయే దవడ! వంటింటి బల్ల మీద పెట్టుకుని, తన పని భూతద్దం కంట్లో బిగించుకుని, పన్ను పన్నూ చూసింది. కొలత తప్పలేదు. పై పళ్ళూ కింది పళ్ళూ తాళం కప్పలో తాళంచెవిలా కూర్చుంటున్నాయి. మరి నోట్లో ఎందుకు కూర్చోవు? మొహం వేలాడేసుకుని అలా చూస్తూనే ఉంది. అప్పుడు మా మరిది నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి, తనని చూసి ఆగిపోయాడు.

"ఏమిటే, మూతి అలా వంకర పెట్టావు? నామీద కోపమా?"

"మూతా? నేనేం పెట్టలేదే."

"పెట్టావు. ఆ గొట్టం కంట్లో పెట్టుకున్నావంటే చాలు, నీ మూతి పక్కింటికెళ్ళిపోతుంది. నేనెప్పుడూ చూస్తూనే ఉంటాగా."

తను లేచి, భూతద్దం తీయకుండానే, చేతులు కడుక్కునే చోట అద్దం ముందుకెళ్ళి నిలబడింది. నేనూ వెనకాలే వెళ్ళాను. నిజమేనండీ! గొట్టం కంట్లోంచి జారకుండా చెంప బిగించాలి కదా, చెంప బిగిస్తే కింది దవడ కుడిపక్కకీ, కాస్త ముందుకీ! అచ్చం ఆ ప్లాస్టర్ దవడ! తను అద్దంలో నన్ను చూసింది, నేను తనని చూశాను.

"అక్కా! అందుకే ఆయన భూతద్దం పెట్టుకుంటే అంత శుభ్రంగా మాట్లాడారు!"

"అంటే నువ్వు చేసింది..."

"నాణేలు చూసుకునే మొహానికి చేశానక్కా పళ్ళు! తిండి తినే మొహానికి కాదు!"

మా మరిదికి ఏమీ అర్థం కాలేదు. "నా మీద కోపం లేదుగా?" అన్నాడు. తను వాడి బుగ్గ గిల్లింది. నా ఎదురుగా! నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

మర్నాడు టకటక గారి ఇంటికెళ్ళాం. ముందు గది నిండా గడియారాలు, ఏ ఒక్కటీ ఇంకోదానితో ఏకీభవించదు. ఆయన పళ్ళు తీసేసి చొక్కా జేబులో పెట్టుకుని, గిన్నెలో మెత్తటి రొట్టె పాలలో నానబెట్టుకుని తింటున్నాడు. మమ్మల్ని చూసి గబగబా పళ్ళు పెట్టుకుని, "నాణెం చూపించను" అన్నాడు. నమస్కారం కూడా కాకుండానే.

"నాణెం కోసం రాలేదండీ" అంది మా తోటికోడలు. "ఈ పళ్ళు చేసింది నేనే."

 నేను తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. ఆయన పళ్ళు టక్‌మనిపించి, "లోపలికెళ్ళి పల్లీలు తెస్తా, ఉండు" అన్నాడు.

"తినిపిద్దురుగానీ, ముందు ఒకటి చెప్పండి. డాక్టరు గారు మైనం దిమ్మ నోట్లో పెట్టి కరవమన్న రోజున, మీ కంట్లో భూతద్దం ఉందా?"

ఆయన టక్కున ఆగిపోయాడు. బడిలో జామకాయ దాచుకుని దొరికిపోయిన పిల్లాడి మొహం నాకు బాగా తెలుసు. అదే మొహం.

"నాకు ఆ కుర్చీ అంటే భయం" అన్నాడు చాలా చిన్నగా. "భయమేస్తే నాణెం చూసుకుంటా. డాక్టరు కరిచి పట్టుకోండి అని, పక్క గదిలో ఎవరో పిలిస్తే వెళ్ళాడు. నేను... తీశా."

"ఏ నాణెం?"

"అబ్బాయిని."

ముందు ఎవరు నవ్వామో తెలీదు. నేనే అయ్యుంటాను, నాకు ఆగదు. మా తోటికోడలు కళ్ళు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళుగా ఏ నాణెం చేతిలోకి రావాలని తపించిందో, ఆ నాణేన్ని చూస్తున్న మొహానికే తను పళ్ళు కట్టిందా! టకటక గారు కాసేపు మమ్మల్ని కోపంగా చూసి, భూతద్దం కంట్లో పెట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు స్పష్టంగా. తీసేసి "ఒకటి" అన్నాడు. టక్. మళ్ళీ పెట్టుకున్నాడు. "ఓరి నాయనో" అన్నాడు, స్పష్టంగా. ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వుకి కింది సెట్టు వచ్చి నా ఒళ్ళో పడింది. టీచరు ఉద్యోగంలో ఎన్నో వచ్చి ఒళ్ళో పడ్డాయి గానీ, ఇలాంటిది ఎప్పుడూ పడలేదు.

కొత్త కొలత తీయాలి. డాక్టరు గారు కథ విని పొట్ట పట్టుకుని నవ్వి, "ఈసారి నువ్వు కూడా పక్కన ఉండమ్మా, నేను ఎక్కడికీ కదలను" అన్నాడు. అంతా సిద్ధం. కుర్చీ వెనక్కి వాలింది. టకటక గారి చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది.

"అయ్యా, నాణెం వద్దు" అన్నాడు డాక్టరు.

"చూడను. పట్టుకుంటా అంతే."

"పట్టుకుంటే చూస్తారు. చూస్తే మూతి వెళ్ళిపోతుంది" అంది మా తోటికోడలు. "ఇక్కడెవరికైనా ఇవ్వండి."

ఆయన డాక్టరు వైపు చూశాడు. నావైపు చూశాడు. నేను చెయ్యి కూడా చాపాను, పట్టించుకోలేదు. ఆఖరికి, ఇష్టం లేకుండా, వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి, కంచు బిళ్ళని మా తోటికోడలి అరచేతిలో పెట్టాడు.  ఇన్నేళ్ళ కోరిక! అరచేతిలో! కిటికీలోంచి వెలుతురు కూడా సరిగ్గా వాళ్ళ మీదే పడుతోంది. చూసుకోవే తల్లీ, చూసుకో అని కళ్ళతో సైగ చేశాను.

తను గుప్పిట మూసేసింది.

"కళ్ళు మూసుకోండి. భుజాలు వదిలేయండి. లాలాజలం మింగండి. ఆఁ, మెల్లిగా మూయండి. ఇంకా మెల్లిగా" అంటోంది, ఆయన గడ్డం వంకే చూస్తూ. ఆయన చెయ్యి కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుని ఉంటే, నేను ఆయన్ని మరిపించడానికి మా బడిలో చెప్పులు ఎత్తుకుపోయిన కోతి కథ మొదలుపెట్టాను. "నవ్వించకండి అక్కా, దవడ కదుల్తుంది!" అని నన్ను కసిరింది. మధ్యలో ఆపేశాను. ఆ కోతి ఏమైందో డాక్టరు ఇప్పటికీ అడుగుతుంటాడు.

మైనం గట్టిపడింది. కుర్చీ పైకి లేచింది. ఆయన మొదట అడిగిన మాట, "చూశావా?"

"లేదండీ" అని గుప్పిట విప్పి ఇచ్చేసింది. నాణెం వేడిగా ఉందట, ఆయన తర్వాత చెప్పాడు. "మీ దవడ చూస్తున్నాను కదా. రెండూ ఒకేసారి చూడలేను."

 ఆయన నాణెం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. వీధిలోకి వచ్చాక నేను ఆగలేక, "నువ్వు మనిషివా, మానువా? అరచేతిలోకి వస్తే చూడకుండా ఇచ్చేస్తావా?" అని తిట్టాను. "ఇప్పుడు మళ్ళీ తప్పు కరిస్తే ఆయన మళ్ళీ పాలూ రొట్టే కదా అక్కా" అంది. అని, ఆ తర్వాత కాస్త నీరుగారిన గొంతుతో, "బరువు మాత్రం తెలిసింది. మన రాజు కంటే కొంచెం తేలిక" అంది.

కొత్త పళ్ళు వచ్చిన రోజున ఆయన మా ఇంటికే వచ్చాడు, చంకలో చెక్కపెట్టె, చేతిలో ఒక సంచీ. మా మరిది లిఫ్టు లేని మా మెట్లు ఎక్కించినందుకు క్షమించమన్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పళ్ళు నోట్లో అమర్చి, "మాట్లాడండి" అంది మా తోటికోడలు.

"ఏం మాట్లాడాలి?"

టకటక లేదు! ఆయన చుట్టూ చూశాడు, వేరెవరో మాట్లాడినట్టు. మళ్ళీ, "ఏం మాట్లాడాలి? ఏం మాట్లాడాలి?" అన్నాడు. సంచీలోంచి పల్లీల పొట్లం తీశాడు. నేను వెనక్కి జరిగాను. ఆయన గుప్పెడు నోట్లో వేసుకుని నమిలాడు. కరకరకర. అబ్బ, ఆ చప్పుడు! కళ్ళు మూసుకుని నమిలాడు. తర్వాత జామకాయ, అందులో గింజలతో సహా. ఆ తర్వాత మా మరిది ఇచ్చిన బెల్లం ముక్క. ఇంకేమైనా గట్టివి ఉన్నాయా అని వంటింటి డబ్బాల వైపు చూస్తుంటే మా మరిది, "బాబాయ్ గారూ, డబ్బా మూతలు మాత్రం వదిలేయండి" అన్నాడు.

తిన్నాక చేతులు తుడుచుకుని, చెక్కపెట్టె తెరిచి, అబ్బాయిని తీసి, మా తోటికోడలి అట్టపెట్టెలో, దూది మీద, తండ్రి పక్కన పెట్టాడు. "ఊఁ. చూడు" అన్నాడు.

తను భూతద్దం కంట్లో పెట్టుకుంది. మూతి పక్కింటికెళ్ళింది. మేం ముగ్గురం బల్ల మీదికి వంగాం. తండ్రిని చూసింది. కొడుకుని చూసింది. కిటికీ వైపు తిప్పి చూసింది. మళ్ళీ తండ్రి. మళ్ళీ కొడుకు. నాకు మా పదో తరగతి ఫలితాలు గుర్తొచ్చాయి.

"చెప్పవే తల్లీ!"

భూతద్దం తీసింది. కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు. "రాలేదక్కా! ఒక్క రవ్వ కూడా రాలేదు! ఎంత మెత్తటి గడ్డమో! ఇది పూర్తిగా అమ్మ పోలిక!"

"అమ్మ నాణెం ఎక్కడైనా దొరుకుతుందా?" అన్నాడు మా మరిది వెంటనే, భయంగా. ఇంకో పదేళ్ళు ఈదాలి కదా పాపం.

టకటక గారు... ఇంక ఆ పేరు చెల్లదు గానీ అలవాటైపోయింది... పెట్టె మూసి, లేచాడు. అబ్బాయిని తీసుకోలేదు. మా తోటికోడలు అట్టపెట్టె ఆయన వైపు జరిపింది. ఆయన మళ్ళీ ఇటు జరిపాడు.

"మ్యూజియం..." అంది తను.

"ఉండనీ. ఇన్నాళ్ళకి కలిశారు, ఇప్పుడు విడదీసిన పాపం మనకెందుకు?" అన్నాడు. "నేను వచ్చి చూసుకుంటా. పాత పళ్ళు పారేయకమ్మోయ్, చూసేటప్పుడు అవే బావుంటాయి."

నిజంగానే అలాగే వస్తాడు. ఎడమ జేబులో నాణేల పళ్ళు, కుడి జేబులో తిండి పళ్ళు. ముందు అవి పెట్టుకుని అబ్బాయిని చూసుకుంటాడు, తర్వాత ఇవి పెట్టుకుని మా ఇంట్లో ఉన్న గట్టివన్నీ తింటాడు. ఒకసారి జేబులు తారుమారై టీలో బిస్కెట్‌తో పాటు పళ్ళు కూడా మునిగాయి.

పెట్టెలో ఖాళీ గుంటతో మ్యూజియానికి ఎలా పంపడం అని మా తోటికోడలు బాధపడి, అబ్బాయి అచ్చు తీసి, చిగురు చేసే గులాబీ ముద్దతో ఒక నాణెం చేసి ఆ గుంటలో పెట్టింది. గులాబీ రంగు రాజు! ఎంత ముద్దొస్తున్నాడో. మొన్న సెలవు రోజున మేమంతా బస్సులో వెళ్ళి చూసొచ్చాం. అద్దాల బీరువా, లోపల లైట్లు, వరసగా నల్లటి కంచు నాణేలు, మధ్యలో ఈయన. ఎదురుగా నిలబడ్డ ఒకావిడ వాళ్ళాయన్ని, "ఇదొక్కటే గులాబీ రంగులో ఉందేమండీ, అంత ఖరీదైనదా?" అని అడుగుతోంది. కింద చిన్న అట్టముక్క మీద టకటక గారే దగ్గరుండి రాయించిన మాట ఉంది. నేను పైకి చదివాను, నా టీచరు గొంతుతో, గదంతా వినపడేటట్టు:

"ఇది అచ్చు. అసలు నాణెం వాళ్ళ నాన్న దగ్గర ఉంది."